తుంగభద్ర జలాశయము: ఎనుబదియైదేండ్ల లెక్క

నదికి అడ్డముగా కట్టిన పెద్ద ఆనకట్టను చూడబోయినవారికి రాయి, సున్నము, తలుపులు, కాలువలు కనబడును. ఆ గోడ లేచుటకు ముందు కాగితములమీద జరిగిన లెక్కలు మాత్రము కనబడవు. నదిలో ఏటేట ఎంత నీరు వచ్చును? అందులో ఎంత నిలుపవచ్చును? అది ఎన్ని ఎకరములకు చాలును? కట్టుటకు కావలసిన ధనమును ఎవరు పెట్టవలెను? ఆ ధనమునకు వడ్డీ ఎచ్చటనుండి వచ్చును? నది రెండు ప్రభుత్వముల నడుమ పారుచున్నచో ఎవరి పాలు ఎంత? ఈ ప్రశ్నలకు సమాధానములు కుదిరినగాని మొదటి రాయి పడదు.

తుంగభద్ర విషయమున ఆ సమాధానములు కుదురుటకు సుమారు 85 ఏండ్లు పట్టినది. 1860 ప్రాంతమున సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన జలాశయమునకు 1945లో గాని శంకుస్థాపన జరుగలేదు. ఈ నడుమ రాయలసీమ ఘోరమైన కరవులను చూచినది. ఆలస్యమునకు కారణము రాతి కొరత కాదు. ఇంజనీర్ల కొరతయు కాదు. కారణములు ముఖ్యముగా రెండు: ఒకటి వడ్డీ లెక్క, రెండవది సరిహద్దు గీత. ఈ రెండింటి కథయే ఈ వ్యాసము.

పోరుమామిళ్ళ శాసనము

చెరువు కట్టుటకు ముందు ఏమేమి చూచుకొనవలెనో మన పూర్వులు ఎరుగుదురు. కడప జిల్లా పోరుమామిళ్ళలోని శిలాశాసనము దీనికి సాక్ష్యము. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి రాజ్యమును పాలించుచు ఇచ్చట ఒక పెద్ద చెరువును త్రవ్వించి, 1369లో ఆ వృత్తాంతమును సంస్కృతమున రాతిపై చెక్కించెను. ఇతనికి భవదూరుడనియు పేరు. దినమునకు వేయిమంది కూలీలు, రాతిపనికై నూరు బండ్లు, రెండేండ్లు పనిచేసినట్లు అందు వ్రాయబడియున్నది.

మంచి చెరువునకు పండ్రెండు సాధనములు కావలెనని ఆ శాసనము చెప్పుచున్నది. వానిలో మొదటిది ధర్మబుద్ధియు ధనమును గల రాజు. రెండవది జలశాస్త్రము నెరిగిన పండితుడు. తరువాతనే గట్టి బంకనేల, దూరమునుండి తియ్యని నీరు తెచ్చు నది, ఇరుప్రక్కల కొండలు, వాని నడుమ మిక్కిలి పొడవు కాని గట్టి రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, చేరువలో మంచి రాతిగని, దిగువ సమతలమైన సారవంతపు పొలములు, పని నేర్చిన కూలీలు మొదలగునవి వచ్చును. ధనమునకు మొదటి స్థానమును, శాస్త్రమునకు రెండవ స్థానమును ఇచ్చుట గమనింపదగినది.

ఆ శాసనమే ఆరు దోషములను కూడ పేర్కొన్నది. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట, చెరువు నడుమ మెరక ఉండుట, నీరు తక్కువయై సాగుచేయవలసిన భూమి ఎక్కువయగుట, నీరు ఎక్కువయై భూమి తక్కువయగుట. ఇందులో మూడవ దోషము నేలకు గాని నీటికి గాని సంబంధించినది కాదు, పరిపాలనకు సంబంధించినది. ఐనను శాసనకర్త దానిని చవుడు నేలతో సమానముగా ఎంచెను. తుంగభద్ర జలాశయమునకు సరిగా ఈ దోషమే తగిలినది. ఐదవ దోషము తరువాతి కాలమున తోడైనది.

కరవు నేల ప్రక్కన నిండు నది

తుంగ, భద్ర అను రెండు నదులు పడమటి కనుమలలో పుట్టి కూడలి యొద్ద కలిసి తుంగభద్ర అగుచున్నవి. కనుమలలో కురియు భారీ వర్షమంతయు ఈ నదిలో చేరి, తూర్పుగా ప్రవహించి, సంగమేశ్వరము యొద్ద కృష్ణలో కలియుచున్నది. నది పారు దారికి దక్షిణమున ఉన్న అనంతపురమున ఏడాదికి సగటున సుమారు 55 సెంటీమీటర్ల వర్షమే కురియును. అదియు సకాలమున కురియునను నమ్మకము లేదు. దూరపు కొండల వాన నీరు కరవు నేల ప్రక్కగా పారి సముద్రమునకు పోవుచుండెను.

విజయనగర ప్రభువులు ఈ నీటిని కొంత పట్టుకొనిరి. హోసపేట, హంపీ ప్రాంతములలో వారు నదికి అడ్డముగా రాతి ఆనకట్టలు వేసి కాలువలు త్రవ్విరి. రాయ కాలువ, బసవన్న కాలువ మొదలగునవి నేటికిని పారుచున్నవి. కాని ఇట్టి ఆనకట్ట పారు నీటిని ప్రక్కకు మరల్చును, నిలువ చేయదు. నదిలో నీరున్నంతకాలమే కాలువలో నీరుండును. వర్షాకాలపు వరదను దాచి, వాన లేని నెలలలో వాడుకొనవలెనన్నచో జలాశయము కావలెను. ఆనకట్ట రోజుకూలి వంటిది. జలాశయము గాదెలోని ధాన్యము వంటిది.

నిలువ లేని కాలువ

గోదావరి డెల్టాకు నీరందించిన కాటన్, తుంగభద్ర నీటిని రాయలసీమకు మరల్చు పెద్ద పథకము నొకదానిని ఆలోచించెను. ధనమునకై లండనులో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడినది. రైలుమార్గములకు అనుసరించిన పద్ధతినే దీనికిని అనుసరించిరి. కంపెనీ వాటాదారులు పెట్టు 10 లక్షల పౌనులకు ఏటా నూటికి 5 వంతున వడ్డీని ప్రభుత్వము హామీ ఇచ్చెను. అనగా కాలువ పారినను పారకున్నను, రైతు నీటితీరువా కట్టినను కట్టకున్నను, వాటాదారులకు ఏడాదికి 50 వేల పౌనులు ముట్టవలెను. ఆ భారము చివరకు ఈ దేశపు బొక్కసముపైననే పడును.

1863 మొదలుకొని కర్నూలు-కడప కాలువను త్రవ్విరి. కర్నూలునకు ఎగువ సుంకేసుల యొద్ద ఆనకట్ట కట్టి, సుమారు 190 మైళ్ళ దూరము కడప వరకు కాలువను తెచ్చిరి. మూలధనము చాలక ప్రభుత్వము మరల అప్పు ఇయ్యవలసివచ్చెను. కొండలను, వాగులను దాటుచు కాలువ వచ్చెను గాని, దాని తలకట్టున నీటిని నిలువచేయు జలాశయము మాత్రము కట్టబడలేదు.

రెండవ చిక్కు రైతు వైపునుండి వచ్చెను. ఈ ప్రాంతమున నల్లరేగడి విస్తారము. రేగడి తేమను చాలకాలము పట్టియుంచును. వాన సరిగా పడిన ఏడు జొన్న, ప్రత్తి పంటలకు కాలువ నీటి అవసరము అంతగా ఉండదు. డబ్బిచ్చి నీరు కొనుటకు రైతు ముందుకు రాడు. వాన తప్పిన ఏడు అందరును నీటికై వత్తురు. కాని ఆ ఏడు నదిలోను నీరు తక్కువగానే ఉండవచ్చును. కంపెనీ వేసిన రాబడి అంచనాలు తారుమారైనవి. 1882లో ప్రభుత్వము ఆ కాలువను కంపెనీనుండి కొనివేసెను.

వడ్డీ అను గీటురాయి

ఈ అనుభవము మద్రాసు ప్రభుత్వపు మనస్సులో చాలకాలము నిలిచిపోయెను. ఇంతలో 1876-78 నాటి మహాకరవు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను పీడించెను. దక్షిణ భారతమున లక్షల కొలది ప్రజలు మరణించిరి. కరవు నివారణకు 1878 నుండి ఏటా కోటిన్నర రూపాయలు ప్రత్యేకించవలెనని భారత ప్రభుత్వము నిర్ణయించెను.

ఆ కాలమున సేద్యపు పనులను రెండు తరగతులుగా విభజించిరి. పూర్తియైన పదేండ్లలోగా పెట్టుబడిపై వడ్డీ రాబట్టగల పనులు 'ఉత్పాదక' పనులు. వీనికి అప్పు తెచ్చి పెట్టవచ్చును. వడ్డీ రాకున్నను కరవునుండి కాపాడునవి 'రక్షక' పనులు. వీనికి కరవు నిధినుండియే ధనము రావలెను. ఆ నిధి స్వల్పము. దేశమంతటికిని అదియే ఆధారము.

ఈ గీటురాయి ఎట్లు పనిచేయునో చిన్న ఉదాహరణముచే చూతము. ఒక పనికి కోటి రూపాయలు పెట్టితిమనుకొందము. వడ్డీ నూటికి 4 రూపాయలు. అనగా ఏటా 4 లక్షలు రావలెను. ఎకరమునకు నీటితీరువా 5 రూపాయలు. అందులో కాలువల మరమ్మతునకు 1 రూపాయి పోగా మిగులునది 4 రూపాయలు. కనుక ఏటా లక్ష ఎకరములకు నీరు అమ్ముడుపోవలెను. డెల్టాలో వరి పండించు రైతు ఏటేట నీరు తీసికొనును గనుక లెక్క సరిపోవును. రేగడి నేలలో వాన పడిన ఏడు 40 వేల ఎకరములే నీరు తీసికొన్నచో రాబడి 1 లక్ష 60 వేలు. లోటు 2 లక్షల 40 వేలు. ఇంతేగాక కట్టుచున్న ఏండ్లలో రాబడి ఏమియు లేకున్నను వడ్డీ పెరుగుచుండును. పని ఆలస్యమైనకొలది ఈ బరువు హెచ్చును.

ఈ లెక్కలో తప్పు ఏమియు లేదు. కాని అందులో చేరని పద్దులు కలవు. కరవు వచ్చినపుడు ప్రభుత్వము గంజికేంద్రములకు, కరవుపనులకు పెట్టు ఖర్చు, మాఫీచేయు శిస్తు, చచ్చిన పశువుల విలువ, ఊరు విడిచిపోవు కుటుంబముల నష్టము ఇందులో కనబడవు. 1901లో సర్ కోలిన్ స్కాట్ మాన్‌క్రీఫ్ అధ్యక్షతన ఏర్పడిన నీటిపారుదల సంఘము ఈ లోపమును గుర్తించి, కరవు ఖర్చు ఎంత తగ్గునో దానినికూడ లెక్కించి రక్షక పనులకు ధనము పెట్టవచ్చునని సూచించెను. ఆ తరువాత తుంగభద్రపై కొలతలు, అంచనాలు మరల మరల జరిగినవి. ప్రతి అంచనాయు వెనుకటిదానికంటె పెద్దదయ్యెను గాని గోడ లేవలేదు.

సరిహద్దు గీత

ధనపు చిక్కు కొంత సడలినను సరిహద్దు చిక్కు మిగిలియుండెను. ఆనకట్టకు అనువైన చోట నదికి ఎడమ గట్టు హైదరాబాదు సంస్థానము. కుడి గట్టు మద్రాసునకు చెందిన బళ్ళారి జిల్లా. ఎగువ భాగము మైసూరు సంస్థానము. ఒకరు గోడ కట్టవలెనన్నచో రెండవవారి గట్టుమీద దానిని ఆనించవలెను. రెండవవారి గ్రామములను ముంచవలెను. మైసూరు, మద్రాసు ప్రభుత్వముల నడుమ 1892లోనే ఒక ఒడంబడిక జరిగినది. దానిచే మైసూరు తన ఎగువ భాగమున కొత్త జలాశయములను కట్టుటకు మద్రాసు సమ్మతి అవసరమయ్యెను. కాని హైదరాబాదుతో పంపకము తేలలేదు.

రాయలసీమ ప్రజలలో ఈ ఆలస్యముపై అసంతృప్తి పెరిగెను. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు చేసికొన్న శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళ వాడకమున రాయలసీమకు ప్రాధాన్యమియ్యవలెనన్న షరతు చేరుట ఇందులకు నిదర్శనము. జలాశయము ఇంజనీర్ల విషయము మాత్రమే కాదనియు, రాష్ట్ర నిర్మాణపు షరతులలో ఒకటియనియు అప్పుడు తేలినది.

తుదకు 1944 జూనులో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వములు ఒప్పందమునకు వచ్చినవి. ప్రస్తుతము చెరి 65 శతకోటి ఘనపుటడుగుల నీటిని వాడుకొనవలెనని నిర్ణయమయ్యెను. శతకోటి అనగా వంద కోట్లు. దీనినే నేడు టీ.ఎం.సీ. అనుచున్నాము. అదే ఏడు మైసూరుతోను ఒప్పందము కుదిరినది. 1945 ఫిబ్రవరి 28వ తేదీన శంకుస్థాపన జరిగినది. ఒకే గోడకు రెండు శంకుస్థాపనలు జరిగినవి: ఎడమ వైపున హైదరాబాదు బేరారు యువరాజు, కుడి వైపున మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ రాళ్ళు నాటిరి.

మద్రాసు వైపు పనికి తిరుమల అయ్యంగారు సారథ్యము వహించెను. రాతికట్టడమునకు సిమెంటునకు బదులు సున్నము, ఇటుకపొడి కలిసిన సుర్కీ గచ్చును వాడిరి. గోడ పునాదినుండి సుమారు 49 మీటర్ల ఎత్తు. వరద వదలుటకు 33 తలుపులు. స్వాతంత్ర్యానంతరము మొదటి పంచవర్ష ప్రణాళికలో ఈ పని చేరినది. 1953 జూలై 1వ తేదీన కాలువలకు నీరు వదలిరి.

ఎంత నీరు, ఎన్ని ఎకరములు

విద్యార్థులు స్వయముగా చేయదగిన లెక్క ఒకటి ఇచ్చట చెప్పుదును. ఎకరము 43,560 చదరపుటడుగులు. కాలువలలో ఇంకిపోవుదానితో సహా వరిపంటకు 4 అడుగుల లోతు నీరు కావలెననుకొన్నచో ఎకరమునకు 1,74,240 ఘనపుటడుగులు. ఒక టీ.ఎం.సీ.ని దీనిచే భాగించినచో సుమారు 5,700 ఎకరములు వచ్చును. ఆరుతడి పంటకు అందులో సగము నీరు చాలుననుకొన్నచో అదే నీరు సుమారు 11,400 ఎకరములకు చాలును. కాలువ క్రింద ఏ పంట వేయవలెనన్నది ఎంత ముఖ్యమో ఈ రెండు అంకెలే చెప్పుచున్నవి.

జలాశయపు పరిమాణమును నిర్ణయించుటకు నదీ ప్రవాహమును అనేక సంవత్సరములు కొలువవలెను. సగటును నమ్మరాదు, సగటు అనగా మంచి ఏండ్లు చెడ్డ ఏండ్లను కప్పిపుచ్చుట. అందుచే నూటికి 75 ఏండ్లు తప్పక వచ్చు నీటినే లెక్కకు తీసికొందురు. కృష్ణా జలముల పంపకమునకు బచావత్ న్యాయమండలి అనుసరించిన కొలత ఇదియే. ఆ మండలి తుంగభద్ర జలాశయమునుండి 212 టీ.ఎం.సీ.ల వాడకమును, ఆవిరియై పోవుదానికి మరి 18ని లెక్కవేసెను. జలాశయము పట్టునది మొదట సుమారు 133 టీ.ఎం.సీ.లు మాత్రమే. 133 పట్టు పాత్రనుండి 212 ఎట్లు వచ్చునని సందేహము కలుగవచ్చును. వర్షాకాలమున ఒకవైపు నది నింపుచుండగా మరొకవైపు కాలువలు తీసికొనుచుండును. నిలువ నీరు తరువాతి నెలలకు మాత్రమే కావలెను.

ఆ 212లో కర్ణాటక వాటా 138.99, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 73.01. ఈ 73.01లో అనంతపురము వైపు పోవు ఎగువ కాలువకు 32.5, కర్నూలు వైపు దిగువ కాలువకు 24, కర్నూలు-కడప కాలువకు 10, మిగిలినది రాజోలిబండ మళ్ళింపు కాలువకు. ఈ చివరి కాలువ నేడు తెలంగాణలోని అలంపురము ప్రాంతమునకు నీరిచ్చుచున్నది. నిలువ లేక చెడిన కంపెనీ కాలువకు ఈ విధముగా దూరపు జలాశయమునుండి కొంత ఆసరా దొరకినది.

పద్దులో చేరినవి, చేరనివి

జలాశయము క్రింద సుమారు 90 గ్రామములు మునిగినవి. 54 వేల మందికి పైగా నివాసములను కోల్పోయిరి. నష్టపరిహారము లెక్కలో ఒక పద్దు. కాని పూర్వికుల పొలమును, ఊరి దేవాలయమును విడిచిన కుటుంబము పొందిన నష్టమంతయు ఆ పద్దులో పట్టునని చెప్పలేము.

లాభము పొందినవారినుండి పెట్టుబడిలో కొంత రాబట్టవలెనను ఆలోచనయు వచ్చెను. కాలువ వచ్చుటతో మెట్ట భూమి ధర పెరుగును. ఆ పెరుగుదలలో కొంత ప్రభుత్వమునకు చెల్లవలెనని 1955లో ఆంధ్ర రాష్ట్రము అభివృద్ధి పన్ను శాసనము చేసెను. వసూలు మాత్రము అనుకొన్నంత సులభము కాలేదు. 1964లో నిజలింగప్ప అధ్యక్షతన కూడిన సంఘము, ప్రభుత్వమునకు వచ్చు వడ్డీని గాక దేశమునకు కలుగు మొత్తము లాభమును, ఖర్చుతో పోల్చి పనులను నిర్ణయింపవలెనని సూచించెను. తరువాతి కాలమున లాభము ఖర్చునకు ఒకటిన్నర రెట్లుండవలెనను నియమము ఏర్పడి, కరవు ప్రాంతములకు లాభము ఖర్చుతో సమానమైన చాలునని సడలింపు వచ్చినది. 1860 నాటి వాటాదారు లెక్కకును దీనికిని చాల దూరము కలదు.

ఐదవ దోషము ఇచ్చటనే బయటపడినది. కొంచెము నీటిని ఎక్కువ భూమికి పంచి కరవు తీర్చుట రక్షక పథకపు ఉద్దేశము. అందుకే ఆయకట్టులో చాల భాగమును ఆరుతడి పంటలకు కేటాయించిరి. కాలువ తలాపున ఉన్న రైతు మాత్రము వరి వేసెను. అతనిని తప్పుపట్టుట సులభము. కాని తలుపు దగ్గర నీరు పారుచుండగా లాభమెక్కువయగు పంటను వదలుకొనుట ఎవరికైనను కష్టమే. ఫలితముగా కాలువ చివరనున్న పొలములకు నీరు చేరుట అరుదయ్యెను. మనము పైన చేసిన లెక్క ప్రకారము తలాపున ఒక ఎకరము వరి, చివరన రెండెకరముల ఆరుతడి పంటను ఎండగట్టును.

నేటి పరిస్థితి

1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో కొత్త రాష్ట్రములు ఏర్పడుటతో ఆనకట్ట రెండు గట్టులును కన్నడ దేశమున చేరినవి. వాడుకదార్లు మాత్రము సరిహద్దునకు ఇరువైపుల మిగిలిరి. ఆ అవసరమును ఎరిగియే ఆంధ్ర రాష్ట్ర శాసనమున తుంగభద్రకు ప్రత్యేక నిబంధనలు చేర్చిరి. దాని ననుసరించి తుంగభద్ర బోర్డు ఏర్పడినది. 2014 తరువాత తెలంగాణయు ఆ బోర్డులో భాగస్వామి.

జలాశయము వృద్ధాప్యమునకు వచ్చినది. 2016 నాటి కొలతలో నిలువ సుమారు 105.8 టీ.ఎం.సీ.లకు తగ్గినట్లు తేలినది. 27 టీ.ఎం.సీ.ల చోటును ఒండ్రు ఆక్రమించినది. కాగితముపై ఇది లక్షన్నర ఎకరముల వరికి చాలు నీటి చోటు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి గొలుసు తెగి 19వ తలుపు కొట్టుకొనిపోగా, కన్నయ్యనాయుడు అను తెలుగు నిపుణుని పర్యవేక్షణలో ప్రవాహములోనే అడ్డుపలకలు దింపి నీటిని ఆపిరి. కట్టుటకు పెట్టుబడి ఒక్కసారి పెట్టిన చాలదనియు, కాపాడుటకు ఏటేట పద్దు వ్రాయవలెననియు ఈ ఘటన తెలిపినది. పూర్వము చెరువు మరమ్మతునకై దశబంధపు ఇనాముగా భూములిచ్చి, వాని రాబడితో కట్టను బాగుచేయించుటలోని తెలివి ఇదియే.

పూడికచే పోయిన నిలువకు బదులుగా కొప్పళ జిల్లా నవలి యొద్ద మరొక జలాశయమును కట్టవలెనని కర్ణాటక ప్రతిపాదించినది. దానికి దిగువ రాష్ట్రముల సమ్మతి కావలెను. అనగా ధనము, శాస్త్రము, సరిహద్దు అను మూడు ప్రశ్నలు మరల మన ముందు నిలిచినవి.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఊరి చెరువు కట్టకు తీసికొనిపోయి, పోరుమామిళ్ళ శాసనములోని సాధనములను, ఆరు దోషములను ఒక్కొక్కటిగా దానికి సరిచూపవచ్చును. నీరు ఏ వాగునుండి వచ్చుచున్నది, కట్టను ఎవరు కాపాడుచున్నారు, ఆయకట్టు ఎంత, చివరి పొలమునకు నీరు అందుచున్నదా అని అడిగి వ్రాసికొనవలెను. చివరి పొలపు రైతు చెప్పు సమాధానమును తప్పక వ్రాసికొనవలెను. ఏ జలాశయపు ప్రణాళిక సరియైనదో కానిదో తేల్చునది ఆ పొలమే.